ఇస్తాంబుల్‌లో మొదటి రోజు: ఏ గుమ్మంలోంచి అడుగుపెడతారో చూసుకోండి

ప్రశ్న: నలుగురు స్నేహితులం మొదటిసారి ఇస్తాంబుల్ వెళ్తున్నాం. పొద్దున ఆరున్నరకి దిగుతాం. హోటల్ సుల్తానహ్మెత్ అనే పాత పేటలో, ఐదు రాత్రులు. వెళ్లొచ్చినవాళ్లలో సగం మంది స్వర్గం అంటున్నారు, మిగతా సగం గోల, జనం, మోసం అంటున్నారు. దిగగానే ఎలా అనిపిస్తుంది? మొదటి రోజు పాడవకుండా ఏం చూసుకోవాలి?

జవాబు:

రెండు జట్లూ చెప్పేది నిజమే. ఎవరు ఎటునుంచి ఊళ్లోకి వచ్చారో అడిగి చూడండి, తేడా అక్కడే దొరుకుతుంది. నేను ఐదుసార్లు వెళ్లాను, అందులో మూడుసార్లు స్నేహితులతో. ఒకే ఊరు ఒకసారి మొహం మీద తలుపేసినట్టు అనిపించింది, ఇంకోసారి కూర్చోబెట్టి టీ ఇచ్చినట్టు అనిపించింది.

తలుపేసిన కథ ముందు చెబుతాను, ఎందుకంటే అందులో తప్పులన్నీ మావే.

2013లో నలుగురం వెళ్లాం. అప్పటికింకా పాత అతాతుర్క్ విమానాశ్రయమే ఉండేది (ప్రయాణికుల విమానాలు కొత్తదానికి మారింది 2019 ఏప్రిల్‌లో). రాత్రంతా నిద్ర లేదు. బయటికి రాగానే ఎదురుగా ఉన్న టాక్సీ ఎక్కాం. ఎక్కాం అనడం కన్నా ఇరుక్కున్నాం అనడం నయం. మావి నాలుగు పెద్ద సూట్‌కేసులు, డిక్కీ తెరిస్తే సగం జాగా గ్యాస్ సిలిండర్‌దే. రెండు పెట్టెలు ఎలాగో అందులో కుక్కారు, ఒకటి ముందు సీట్లో నా ఒళ్లోకి వచ్చింది, నాలుగోది వెనక ముగ్గురి మోకాళ్ల మీద. ఆ దారి చాలా దూరం మర్మరా సముద్రం ఒడ్డునే వెళ్తుంది. ఆ సంగతి రాత్రి మ్యాప్ చూసుకుంటే తెలిసింది. పెట్టెలు అడ్డం ఉండి ఒక్కరికీ నీటి చుక్క కనపడలేదు.

డ్రైవరు కొండ కింద దింపేసి పైకి కారు పోదని చేత్తో సైగ చేశాడు. నిజంగానే పోదు. నున్నటి రాళ్లు పరిచిన ఏటవాలు సందు, పైగా సన్నటి వాన. వంద అడుగులు వెళ్లేసరికి ఒక పెట్టె చక్రం ఊడింది. హోటల్‌కి చేరితే గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వమన్నారు. లాబీలో తడి బూట్లతో కూర్చున్నాం. అప్పుడు మాలో ఒకడు, డబ్బు లెక్కలు చూసేవాడు, "ఇదేనట్రా నువ్వు ఎగిరెగిరి చెప్పిన ఇస్తాంబుల్?" అన్నాడు. ఆ మాట తగిలింది ఊరికి కాదు, మూడు నెలలు కూర్చుని టికెట్లు, హోటళ్లు చూసిన మా మ్యాపులవాడికి. సాయంత్రం దాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. చూద్దామనుకున్నవన్నీ చూశాం గానీ, ఆ రోజు చూసినవాటిలో నాకు గుర్తున్నది ఆ ఊడిపోయిన చక్రమే.

మర్నాడు ఎవరికీ ఉత్సాహం లేదు. నడవాల్సిన పని లేని చోటు ఏదైనా ఉందా అని ఎమినొను రేవుకి వెళ్లి, ఆసియా వైపున్న కడికోయ్‌కి వెళ్లే మామూలు ఫెర్రీ ఎక్కాం. టూరిస్టుల పడవ కాదు, ఊరివాళ్లు ఆఫీసులకి వెళ్లే సర్వీసు. ఇరవై నిమిషాల ప్రయాణం. వెనక డెక్ మీద చెక్క బెంచీ మీద కూర్చున్నాం. పడవ వెనక్కి జరగ్గానే రేవు పక్కనున్న యెని జామి మొత్తం ఒక్కసారిగా కనిపించింది. పేరుకి 'కొత్త మసీదు', కట్టడం పూర్తయింది 1665లో! దాని వెనక కొండ మీద సులేమానియే మసీదు. పడవ మలుపు తిరిగేకొద్దీ తోప్‌కపి రాజభవనం చెట్లు, తర్వాత హాగియా సోఫియా గుమ్మటం, ఆ వెనకే బ్లూ మాస్క్ (నీలి మసీదు) ఆరు మినార్లు వరసగా బయటికి వచ్చాయి. ముందురోజు మేము పెట్టెలు ఈడ్చుకుంటూ తిట్టుకున్న కొండే అది. నడుం దగ్గర సన్నబడిన గ్లాసుల్లో టీ పోసిన పళ్లెం పట్టుకుని ఒకాయన వచ్చాడు. మా లెక్కలవాడు నాలుగు గ్లాసులు తీసుకుని, మొదటిది మ్యాపులవాడి చేతికిచ్చాడు. క్షమాపణ అంటే అంతే, ఇంకేం అనలేదు.

అందుకే నా సలహా ఒకటే: ఆ ఊరిని మొదట నీళ్ల మీద నుంచి చూడండి. కట్టినవాళ్లు అటువైపుకి ముఖం పెట్టి కట్టారు. రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లది దొడ్డిదారి.

ఇక మీ రోజు సంగతి. మీరు కొత్త ఇస్తాంబుల్ విమానాశ్రయంలో దిగుతున్నారని అనుకుని చెబుతున్నాను. అది ఐరోపా వైపు, నల్ల సముద్రం దగ్గర, ఊరి నడిమికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. భవనం చాలా పెద్దది. గేటు నుంచి పాస్‌పోర్ట్ వరస దాకా నడిచీ నడిచీ ఇంకా విమానాశ్రయంలోనే ఉన్నామా అనిపిస్తుంది. వరసలో ఒక్కొక్కరినే పిలుస్తారు. ఎక్కడ ఉంటున్నారంటే నలుగురూ ఒకే హోటల్ పేరు చెప్పేలా ఉండాలి. బుకింగ్ కాగితం ఒకడి ఫోన్లోనే ఉండి, వాడు అవతలికి వెళ్లిపోతే ఇవతల మిగిలినవాళ్లకి టెన్షన్. కాగితాల ఫొటోలు నలుగురి ఫోన్లలోనూ పెట్టుకోండి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా.

నెట్ గురించి: ఈ-సిమ్ బయల్దేరేముందే కొని ఫోన్లో ఎక్కించుకోండి. విమానాశ్రయంలో సిమ్ చాలా ఖరీదు, నిద్రమొహాలతో బేరం కుదరదు. నలుగురూ కొననక్కర్లేదు, ఇద్దరి దగ్గర ఉంటే చాలు. ఒకరి దగ్గరే ఉంటే మాత్రం ఆ ఒకరి బ్యాటరీ అయిపోయిన రోజు చూడాలి.

డబ్బు అక్కడ మార్చాల్సి వస్తే ఆ పూటకి సరిపడా మాత్రమే మార్చండి. ఏటీఎం వాడితే చివర్లో మీ దేశం కరెన్సీలో తీసుకుంటారా, టర్కీ లీరాల్లోనా అని అడుగుతుంది. లీరాలే నొక్కండి. మీ కరెన్సీ నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

ఇప్పుడు దారి. నలుగురికీ పెద్ద పెట్టెలుంటే ఒక టాక్సీ చాలదు, ఆ కథ పైన చెప్పాను. వ్యాన్ ముందే మాట్లాడుకోవడం ఒక పద్ధతి. నాకు నచ్చేది మెట్రో. విమానాశ్రయం నుంచి ఎం11 లైను గైరెత్తెపె దాకా వస్తుంది. అక్కడ యెనికపి వైపు వెళ్లే ఎం2కి మారాలి. ఈ మారే చోట నడక ఎక్కువ, చెప్పలేదనకండి. చాలాసేపు అంతా సొరంగమే, కిటికీలో మీ నలుగురి అలసిపోయిన మొహాలు తప్ప ఏమీ కనపడదు. తక్సిమ్ పోతుంది, షిష్‌హానె పోతుంది. ఆ తర్వాత రైలు ఉన్నట్టుండి వెలుగులోకి వస్తుంది. కింద నీళ్లు, కుడివైపూ నీళ్లే, ఎడమవైపూ నీళ్లే. అది హలిచ్ స్టేషను, గోల్డెన్ హార్న్ అనే నీటిపాయ మీద 2014లో తెరిచిన వంతెన మీద కట్టారు. ఎదురుగా సులేమానియే, వెనక్కి తిరిగితే గలాటా టవర్. నేను మూడోసారి వెళ్లినప్పుడు మాతో వచ్చిన ఒకావిడ విమానం దిగినప్పటి నుంచి ఫోన్లో ఆఫీసు మెయిళ్లు చూస్తూనే ఉంది. హలిచ్‌లో తలెత్తింది. తలుపులు మూసుకునేలోపు "ఇక్కడ దిగిపోదామా?" అని అడిగింది. ఆ స్టేషన్లో ఓ రైలు వదిలేసి, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూసి, తర్వాతది ఎక్కండి. ప్రపంచంలో ఇంత మంచి స్వాగతం ఇచ్చే మెట్రో స్టేషన్లు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

తర్వాతి స్టేషను వెజ్నెజిలర్. అక్కడ దిగి కొంచెం నడిస్తే టీ1 ట్రామ్, అది సుల్తానహ్మెత్‌కే వెళ్తుంది. లేదా యెనికపి దాకా వెళ్లి మర్మరాయ్ రైలు ఎక్కితే ఒకే స్టాపు, సిర్కెజి. 2013లో తెరిచిన ఈ లైనే తర్వాత బాస్ఫరస్ జలసంధి అడుగు నుంచి ఆసియాకి వెళ్తుంది. వీటన్నిటికీ ఇస్తాంబుల్ కార్డు పనిచేస్తుంది. ఒక కార్డునే గేటు దగ్గర నాలుగుసార్లు తాకించి నలుగురూ లోపలికి పోవచ్చు.

హోటల్లో గది ఇవ్వరు, ముందే తెలుసుకుని వెళ్లండి. పెట్టెలు మాత్రం దాచిపెడతారు. ఒక చిన్న సంచిలో టూత్‌బ్రష్, ఒక చొక్కా, చార్జరు, మందులు విడిగా పెట్టుకుంటే, పెట్టె తెరవకుండానే మొహం కడుక్కుని మనుషులవుతారు. అక్కడ సోఫాలో మాత్రం కూర్చోకండి. కూర్చుంటే నిద్ర వస్తుంది, నిద్ర వస్తే గొడవ వస్తుంది. ట్రామ్ ఎక్కి మూడు స్టాపులు దిగువకు వస్తే ఎమినొను. ఫెర్రీ ఎక్కేయండి. ఎక్కేముందు తలా ఒక సిమిత్ కొనుక్కోండి. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె అది, సగం మీకు, సగం పడవ వెంటపడే సముద్రపు కాకులకి (సీగల్స్).

కడికోయ్‌లో దిగాక చూసి తీరాల్సినవంటూ పెద్దగా ఏమీ లేవు. మొదటి రోజుకి అదే దాని గొప్పతనం. చేపల బజారు, ఆలివ్‌లు, పచ్చళ్ల దుకాణాలు (మన ఆవకాయని ఊహించుకోకండి, అన్నీ ఉప్పునీళ్లలో, వెనిగర్‌లో తేలే కూరగాయలు), మోదా వైపు సముద్రం ఒడ్డున పచ్చిక. ఆ ఊరికో పాత నింద కూడా ఉంది. క్రీస్తుపూర్వం గ్రీకులు ముందు ఇటువైపు ఊరు కట్టుకున్నారు, పేరు ఖాల్కెడాన్. పదిహేడేళ్ల తర్వాత ఇంకొందరు వచ్చి ఎదురొడ్డున బైజాంటియం, అంటే ఇస్తాంబుల్ తొలి రూపం, కట్టారు. ఎదురుగా అంత మంచి చోటు పెట్టుకుని ఇక్కడ కట్టుకున్నారంటే వీళ్లు గుడ్డివాళ్లయి ఉండాలి అని పర్షియన్ సేనాని మెగాబజస్ అన్నాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. నాకైతే వాళ్ల మీద జాలి లేదు. ఎదురొడ్డున ఉన్నవాళ్లకి తమ ఒడ్డు కనపడదు కదా, ఆ దృశ్యం ఇక్కడివాళ్లదే.

దిగగానే ఎలా అనిపిస్తుందని అడిగారు. తెలుగువాళ్లకి ఒక తమాషా అనుభవం ఉంటుంది, ఎవరూ ముందుగా చెప్పరు. బోర్డులన్నీ 1928 నుంచి లాటిన్ లిపిలోనే ఉన్నాయి కాబట్టి చదవగలం, కానీ ఏమీ అర్థం కాదు. ఒక చిన్న కిటుకు: ఇంగ్లిష్‌లో మనం 'సి' అనే అక్షరాన్ని వాళ్లు 'జ' అని పలుకుతారు. అది తెలిశాక బోర్డులు మెల్లగా మనతో మాట్లాడతాయి. దుక్కాన్ అంటే దుకాణం. మెయ్‌దాన్ అంటే కూడలిలో ఉండే మైదానం. జెవాప్ అంటే జవాబు, కలెమ్ అంటే కలం, తాజె అంటే తాజా. తిన్నాక 'హెసాప్' అంటే బిల్లు తెస్తారు, మన హిసాబే. అరబ్బీ, పారశీకం నుంచి అటు వాళ్లకీ ఇటు మనకీ చేరిన మాటలివి. మేము రెండోసారి వెళ్లినప్పుడు ఇలాంటి మాట ముందు ఎవరు కనిపెడితే వాళ్లకి టీ ఉచితం అని పందెం వేసుకున్నాం. నాలుగు రోజుల్లో తాగిన టీలకి లెక్క లేదు.

చెవికి తెలిసేవి రెండు. సముద్రపు కాకులు రాత్రిళ్లు కప్పుల మీద చంటిపిల్లల్లా ఏడుస్తాయి. మొదటి రాత్రి మాలో ఒకడు నిజంగానే లేచి కిటికీ తీశాడు. రెండోది తెల్లవారకముందే వచ్చే అజాన్. సుల్తానహ్మెత్‌లో ఒక మసీదు ఒక పాదం పాడి ఆగితే, ఇంకో మసీదు అందుకుంటుంది. నిద్ర చెడిందని తిట్టుకునే బదులు కిటికీ తీసి వినండి. మొదటి రాత్రి నిద్ర ఎలాగూ సరిగా పట్టదు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కాపలా కుక్కలా సగం మెలకువగా ఉంటుందని 2016లో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు ఒక పరిశోధనలో చూపించారు. అందుకని రెండో రోజు పొద్దున ఏడింటికే కార్యక్రమాలు పెట్టుకోకండి.

పాదాలకి తెలిసేది ఒక్కటే, కొండలు. మ్యాప్‌లో 400 మీటర్లని ఉంటుంది, అది నిలువు నాలుగు వందలని రాయరు. కరాకోయ్ నుంచి పైకి వెళ్లాలంటే ట్యూనెల్ అని చిన్న భూగర్భ రైలు ఉంది, 1875 నాటిది. లండన్ తర్వాత ఇంత పాత పట్టణ భూగర్భ మార్గం ఇదే. మోకాళ్లకి అది చేసే మేలు చరిత్ర కన్నా పెద్దది.

మోసాల గురించి భయపడేంత ఏమీ లేదు, రెండు మూడు తెలిస్తే చాలు. బూట్లు పాలిష్ చేసేవాడు మీ ముందు నడుస్తూ బ్రష్ జారవిడుస్తాడు. మీరు తీసి ఇస్తారు, కృతజ్ఞతగా పాలిష్ చేస్తానంటాడు, తర్వాత పెద్ద బిల్లు చెబుతాడు. బ్రష్‌ని అలాగే ఉండనివ్వండి. మగపిల్లలే నలుగురు తిరుగుతుంటే, తక్సిమ్ వైపు మంచి ఇంగ్లిష్ మాట్లాడే ఒకాయన పరిచయం చేసుకుని, తనకి తెలిసిన బార్‌కి రమ్మంటాడు. వెళ్లకండి, ఆ బిల్లు చూస్తే మత్తు దిగుతుంది. టాక్సీకి పెద్ద నోటు ఇచ్చేటప్పుడు అది ఎంత నోటో పైకి అని ఇవ్వండి. ఇంతే. మిగతా ఊరు మర్యాదస్తుల ఊరు, అడిగినవాళ్లకి అడ్రసు చెప్పడానికి పని మానుకుని మీతో మలుపు దాకా వస్తారు.

స్నేహితుల మధ్య పెట్టుకోవాల్సిన నియమాల్లో నేను పట్టుబట్టేవి కొన్నే. ఖర్చులకి ఒకే ఉమ్మడి పర్సు, రోజుకొకరి చేతిలో. మా లెక్కలవాడి చేతిలోనే ఉంటే వాడికి ఊరంతా అంకెల్లా కనిపించేది. టీ1 ట్రామ్ కిక్కిరిసి ఉంటుంది, ఒకరు కింద ఉండిపోవడం ఖాయం. ఎక్కినవాళ్లు తర్వాతి స్టాపులో దిగి అక్కడే ఆగాలి, మిగిలినవాడు తర్వాతి ట్రామ్‌లో రావాలి. ఈ మాట ముందే అనుకోకపోతే ఒకరికోసం ఒకరు ఎదురెదురు ట్రాముల్లో తిరుగుతూ ఉంటారు. మేము తిరిగాం.

ఇంకోటి, దీన్ని నవ్వులాటగా తీసుకోవద్దు: ఫెర్రీ ఎక్కేదాకా ఎవరూ "ఎలా ఉందిరా ఊరు?" అని అడగకూడదు. నిద్ర లేనివాడు, ఆకలేసినవాడు ఏదో ఒకటి అనేస్తాడు. ఒకసారి పైకి అన్నాక దానికే కట్టుబడి, ఐదు రోజులూ ఆ మాట నిజమని నిరూపించే పనిలో ఉంటాడు. ముఖ్యంగా ప్లాన్ చేసినవాడు అడగకూడదు. వాడు అడిగేది ఊరి గురించి కాదు, తన గురించి.

మొదటి రోజు హాగియా సోఫియా లోపలికి వెళ్లకండి. 537లో చర్చిగా కట్టింది, ఇంకో రోజు ఆగినా ఉంటుంది. 2020లో మళ్లీ మసీదయ్యాక, 2024 నుంచి విదేశీ సందర్శకులకి టికెట్, పై గ్యాలరీకి మాత్రమే దారి. వరసలో నిలబడే ఓపిక ఉన్న రోజు పెట్టుకోండి. తోప్‌కపికి మంగళవారం సెలవు, గ్రాండ్ బజార్‌కి ఆదివారం. ఐదు రాత్రుల్లో ఇవి ఎక్కడ పడతాయో ఇప్పుడే చూసుకోండి.

చివరగా, మీ టికెట్ ఒకసారి తీసి చూడండి. దిగేది సబీహా గోక్చెన్ అని ఉంటే, పైన చెప్పిన మెట్రో దారి మీది కాదు. అది ఆసియా వైపున్న వేరే విమానాశ్రయం. మీ అదృష్టం ఇంకా బాగుందన్నమాట. అక్కడి నుంచి ఎం4 మెట్రో నేరుగా కడికోయ్‌కి వస్తుంది, మెట్లెక్కి బయటికి వస్తే కాస్త దూరంలోనే రేవు. పెట్టెలతో సహా ఎమినొను ఫెర్రీ ఎక్కి, ఈసారి వెనక డెక్ మీద కాదు, ముందు వైపు కూర్చోండి.